మంచులో వేసిన పుట్టినరోజు ప్లాను

హెలికాప్టర్ నేల మీద దిగలేదు. తొక్కి చదును చేసిన మంచుకు జానెడు ఎత్తులో నిలబడింది. మేం దూకాం. సామాన్లు మా వెనక విసిరేశారు. అది వెళ్ళిపోయాక చెవుల్లో గాలి తప్ప ఇంకేం లేదు.

సెప్టెంబరు చివరి వారం, పొద్దున్న ఎనిమిది. ఎండ కాస్తూనే ఉంది. అయినా సున్నాకు పద్దెనిమిది డిగ్రీల కింద. ఉత్తరాన మంచుకొండల్లో ఒక గట్టు మీద మా పోస్టు. పేరు చెప్పకూడదు, చెప్పను. మూడు ఫైబర్ గుడిసెలు, సంచుల గోడ, ఒక మోర్టారు, ఒక జెండా. అటూ లోయ, ఇటూ లోయ. చలికాలంలో కిందికి దారి తరచూ మూసుకుపోతుంది. ఏడు నెలల డ్యూటీ. ఒంటి మీద మూడు పొరల బట్టలు, వాటి మీద తెల్లకోటు, కాళ్ళకు రాళ్ళలాంటి బూట్లు. నాలుగు అడుగులేస్తే ఊపిరి అందేది కాదు.

రెండో గుడిసెలోంచి ఒకతను బయటికి వచ్చాడు. నా సంచి మీద రాసిన పేరు, ఊరు చూసి నవ్వాడు.

"మెట్టుగూడనా అన్నా? మాది బొల్లారం. జెర పైలం, ఆ తాడుకు ఎడమదిక్కు అడుగు పెట్టకున్రి. మంచు కింద అంత ఉత్తదే."

అతను యాదగిరి, మా రేడియో ఆపరేటరు. అంత ఎత్తున నేను విన్న మొదటి తెలుగు మాట అదే. మా నాన్న బాపట్ల నుంచి రైల్వే ఉద్యోగానికొచ్చి మెట్టుగూడలో స్థిరపడ్డాడు. నేను అక్కడే పుట్టి పెరిగినా నాది ఇంకా ఆంధ్రా తెలుగేనని యాదగిరి ఎప్పుడూ ఏడిపించేవాడు.

నేను హవల్దారుని. పోస్టు కమాండరు ఒక కుర్ర కెప్టెన్. ఆయన తర్వాత బాధ్యత నాది. ఒక వంటమనిషి, ఒక మెడికల్ అసిస్టెంటు, మిగతావాళ్ళు జవాన్లు, అంతా కలిపి పదిమందిమి. మా మాటలన్నీ హిందీలోనే. మీకోసం తెలుగులో చెబుతున్నా.

అక్కడ యుద్ధం చలితోనే. మంచు తవ్వి కిరోసిన్ స్టవ్వు మీద కరిగిస్తేనే తాగడానికి నీళ్ళు. తుఫాను వస్తే మూడేసి రోజులు గుడిసెలోనే. వారానికోసారి శాటిలైట్ ఫోను, మనిషికి కొన్ని నిమిషాలు. ఫోను వంతు వచ్చిన రోజు ప్రతివాడూ గడ్డం గీసుకునేవాడు. అవతలివాళ్ళకు కనబడదని తెలిసినా.

డిసెంబరులో ఒక ఆదివారం యాదగిరి ఫోను మాట్లాడి వచ్చి స్టవ్వు దగ్గర టీ కూడా పోసుకోకుండా కూర్చున్నాడు. అడిగితే చెప్పాడు. అతని కూతురు అక్షరకు మార్చి మధ్యలో ఆరేళ్ళు నిండుతాయి. క్లాసులో ఒక పిల్ల రాజకుమారి బర్త్‌డే చేసుకుందట, ఇంకొకడు అడవి బర్త్‌డే. మీ డాడీ ఎప్పుడూ రాడేం, అసలు ఉన్నాడా అని ఎవరో అక్షరను అడిగారట. అక్షర ఇంటికొచ్చి వాళ్ళమ్మకు తేల్చి చెప్పింది. తనకు ఆర్మీ బర్త్‌డే కావాలి. డాడీ వచ్చి అందరికీ డ్యూటీ నేర్పాలి.

"గట్లాంటి దాంట్ల ఏం జేస్తరన్నా?" అన్నాడు.

నాకూ తెలీదు. కానీ ఆ రాత్రి మొదలైన తుఫాను మూడు రోజులు తెరిపివ్వలేదు. చేయడానికి ఇంకో పని లేదు. గుడిసెలో ఉన్న అందరం ఆ పుట్టినరోజు మీద పడ్డాం.

కెప్టెన్ సాబ్ గంభీరంగా లక్ష్యం ఏమిటని అడిగాడు. పిల్లలు నవ్వుకుంటూ ఇంటికి పోవాలని యాదగిరి చెప్పాడు. వంటమనిషి కేకు టెంటు ఆకారంలో ఉండాలన్నాడు. ఊరికే అనలేదు, బిస్కెట్లు పొడి కొట్టి, పాలపొడి కలిపి ప్రెషర్ కుక్కర్లో ఒకటి చేసి చూపించాడు. అది ఒక పక్కకు ఒరిగిపోయింది. టెంటు గాలికి కూలిందని మెడికల్ అసిస్టెంటు అన్నాడు. వేడివేడిగా చెంచాలతో తిన్నాం. మోకాళ్ళ మీద పాకే పందెం కోసం వీధిలో తాళ్ళు కట్టాలి. తలా ఒక చిన్న బియ్యం సంచి భుజాన వేసుకుని గీత దాటాలి. అన్నీ మాటల్లోనే ఒక్కొక్కటి తేలాయి.

బొమ్మ తుపాకులు ఎన్ని కావాలని ఎవరో అడిగారు. యాదగిరి ఒద్దన్నాడు. ఒక్కటి కూడా ఒద్దన్నాడు.

"పదకొండేండ్ల సంది మోస్తున్న. అది నా బిడ్డ చేతిల సుత చూడాల్నా?"

తుపాకుల మాట అక్కడితో తీసేశాం.

గేటు దగ్గర సంకేతపదం చెప్పినవాళ్ళకే లోపలికి దారి అన్నాం. ఆ రోజుల్లో మేం తిండి గురించి తప్ప దేని గురించీ మాట్లాడేవాళ్ళం కాదు. కాపలా పిల్ల "చింతచిగురు" అనాలి, వచ్చినవాళ్ళు "పప్పు" అనాలి అని యాదగిరి తేల్చాడు. తెలుగు రాని తొమ్మిదిమంది... కాదు, నన్ను మినహాయిస్తే ఎనిమిదిమంది, ఆ మాట పలకడం నేర్చుకున్నారు. వారం పాటు మా గుడిసె తలుపు కొట్టినవాడల్లా పప్పు అనే లోపలికి వచ్చాడు.

చివరిది యాదగిరి సొంత ఆలోచన. తను యూనిఫాంలో మేడ మీద ఎవరికీ కనబడకుండా కూర్చుంటాడు. కింద పిల్లల చేతిలో బొమ్మ వాకీటాకీ. తను కంట్రోల్. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి పని చెబుతాడు. అందరికంటే ఆఖరున అక్షరను పిలుస్తాడు. పిలిచి, మెట్లు దిగి వస్తాడు. అతను వచ్చినట్టు అప్పటిదాకా ఆమెకు తెలియకూడదు.

తర్వాతి ఆదివారాల్లో భార్య సుజాతకు ఈ ప్లాను ముక్కలు ముక్కలుగా చెప్పాడు. తాళ్ళ దాకా, సంచుల దాకా చెప్పాడు. ఆపైన అతను బయల్దేరేదాకా లైను దొరకలేదు.

ఫిబ్రవరి నడిమికి సెలవు మంజూరయింది. హెలికాప్టర్ రాలేదు. రోజూ మబ్బు, కురిసే మంచు. తొమ్మిదో రోజు తెల్లారేసరికి ఆకాశం అద్దంలా ఉంది, కానీ హెలికాప్టర్ ఇంకో పోస్టు నుంచి జబ్బుపడిన మనిషిని దింపడానికి వెళ్ళింది. అదే రోజు నలుగురు కింది క్యాంపుకు నడిచి వెళ్ళాల్సి ఉంది. వాళ్ళతో వెళ్తానని యాదగిరి అడిగాడు. కెప్టెన్ సాబ్ దుర్భిణితో వాలు అంతా చూశాడు. కింది క్యాంపుతో మాట్లాడాడు. వాళ్ళూ సరేనన్నారు. అనుమతి ఇచ్చాడు.

అయిదుగురూ ఒకే తాడు కట్టుకుని తొమ్మిదిన్నరకు బయల్దేరారు. రేడియో దగ్గర నేను కూర్చున్నాను. దారి పొడవునా గుర్తుకు ఎర్రజెండాలు ఉంటాయి. జెండా దాటినప్పుడల్లా చెప్పాలి. మొదటిది దాటాం, ఓవర్. రెండోది దాటాం, ఓవర్. మూడో జెండా దగ్గర యాదగిరి నియమం తప్పి తెలుగులో మాట్లాడాడు.

"ఎండ మంచిగ కొడుతున్నదన్నా. ఓవర్."

సరే, అడుగు చూసుకో అన్నాను. నాలుగో జెండా కబురు రాలేదు. నేను పిలుస్తూ ఉన్నాను. బయట కాపలా ఉన్న జవాను పరిగెత్తుకొచ్చి వాలు మీది మంచు జారిపడిందన్నాడు. చప్పుడు నాకు వినబడలేదు. చెవులకు హెడ్‌ఫోను ఉంది.

ఎనిమిది రోజులు కురిసిన కొత్త మంచు. దాని మీద గట్టి ఎండ. అంతే. నలుగురిని ప్రాణాలతో తవ్వి తీశాం. యాదగిరి మర్నాడు మధ్యాహ్నం దొరికాడు. ఆ మర్నాడు అతని కోసం హెలికాప్టర్ వచ్చింది.

ఊరివాణ్ణని నన్నే తోడు పంపారు. బొల్లారంలో అంతా లాంఛనంగా జరిగింది. తుపాకులు గాల్లోకి పేల్చినప్పుడు అక్షర చెవులు మూసుకుంది. సుజాత చేతుల్లో మడిచిన జెండా పెట్టారు. నాకు నెల సెలవు ఇచ్చారు.

దినవారాలు అయ్యాక ఒక పొద్దున్న సుజాత మెట్టుగూడ వచ్చింది. మా ఆవిడ ఇచ్చిన టీ ముట్టుకోలేదు. అక్షర క్లాసు మొత్తానికీ తన పుట్టినరోజు సంగతి ముందే చెప్పేసుకుందట. ఇప్పుడు ఏమీ అడగడం లేదట. అడగకపోవడమే చూడలేకపోతున్నానంది.

"ఆయన సగం చెప్పిండు, అన్నా. సగానికి లైను కట్టయింది. మిగిలిన సగం నీ దగ్గరనే ఉన్నది."

సంకేతపదం చెప్పాను. తుపాకులు ఒద్దన్న సంగతి చెప్పాను. మేడ మీద కంట్రోల్ గురించి చెప్పాను. మెట్లు దిగి రావడం దాకా చెప్పి ఆగాను. సుజాత కిటికీలోంచి రైలు పట్టాల వైపు చూసింది.

"పిలువు అన్నా. అందర్నీ పిలువు. దిగి వచ్చుడు ఒక్కటి వద్దు."

యాదగిరి తల్లి లచ్చమ్మ ఒప్పుకోలేదు. ఏడాది తిరిగేదాకా ఆ ఇంట్లో శుభం లేదంది. నేను వెళ్ళి బతిమాలాను. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నా కొడుకు పోయి నెల గాలే. గీ ఇంటికి బుగ్గలు కడ్తరా, బిడ్డా?"

బుగ్గలంటే బెలూన్లు. బెలూన్లు కట్టం అన్నాను. దీపాలు ఊదడం ఉండదు, పాటలుండవు, ఇంట్లో కాకుండా వీధిలోనే అని సుజాత మెల్లగా చెప్పింది. లచ్చమ్మ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. గడియ పెట్టలేదు. దాన్నే మేం సరేననుకున్నాం.

రెజిమెంటల్ బజార్‌లో ఆకుపచ్చ గుడ్డ, తాళ్ళు, వాకీటాకీల జత కొన్నాను. దుకాణదారు ఆర్మీ థీమ్ ఫుల్ సెట్టుందని అట్టపెట్టె దింపాడు. తోరణాలు, టోపీలు, పన్నెండు తుపాకులు. తుపాకులు తీసేసి ఇవ్వమన్నాను.

"తుపాకుల్లేకుంటే గదేం ఆర్మీ సార్?" అన్నాడు నవ్వుతూ.

డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను. టోపీలు పట్టుకుని వచ్చేశాను.

ఆదివారం సాయంత్రం నాలుగు. మార్చి ఎండ. పిల్లలు సందేహిస్తూ వచ్చారు. ఇంట్లో ఏం జరిగిందో తల్లిదండ్రులు చెప్పే పంపారు. గేటు దగ్గర అక్షర టోపీ పెట్టుకుని నిలబడింది. చింతచిగురు అంది. మొదటి పిల్లాడు పప్పు అని గట్టిగా అరిచాడు. అక్కడి నుంచి పిల్లలు పిల్లలయ్యారు. సుజాత అందరి చెంపల మీద పచ్చ, గోధుమ రంగు గీతలు పెట్టింది. మట్టిలో పాకారు. బియ్యం సంచులు మోశారు. ఒకడు పడి మోకాలు గీక్కుని, ఏడవకుండా నాకు చూపించాడు.

నేను మేడెక్కి పిట్టగోడ వెనక కూర్చున్నాను. ఒక్కొక్కరినీ పిలిచాను. మొక్కకు నీళ్ళు పొయ్యి, పక్కవాడికి నీ బిస్కెట్ సగం పెట్టు, కొత్తగా వచ్చిన పిల్ల చెయ్యి పట్టుకో. అన్నీ యాదగిరి చెప్పిన పనులే. ఆఖరున అక్షర అన్నాను.

"కంట్రోల్, నేను అక్షర. ఓవర్."

ఆమెకు ఏం పని చెప్పాలో అతను నాకు చెప్పలేదు. దిగి వచ్చేవాడు కదా. నేను వెతుక్కుంటుండగా ఆమే అడిగింది.

"డాడీ లైన్ల ఉన్నడా? ఓవర్."

రేడియోలో ఓవర్ అంటే నీ జవాబు కోసం ఆగి ఉన్నానని. ఆమె ఆగి ఉంది.

"లేడమ్మా. ఓవర్."

కొంచెం గరగర వినిపించింది.

"సరే. ఔట్."

ఔట్ అంటే మాట అయిపోయింది, ఇక జవాబు అక్కర్లేదని. ఆ తేడా అతను ఎప్పుడో ఫోనులో నేర్పి ఉంటాడు.

కిందికి వచ్చేసరికి ఇంటి తలుపు తెరిచి ఉంది. లచ్చమ్మ గడప దాటి వచ్చి వీధిలో వేసిన మంచం మీద కూర్చుంది. మనవరాలిని దగ్గరికి పిలిచి, తన మొకానికి సుత రంగు పెట్టమంది. అక్షర వేలితో శ్రద్ధగా గీతలు దిద్దింది. నాయనమ్మ కళ్ళు మూసుకుంది.

"నా కొడుకు గిట్లనే పెట్టుకుంటుండెనా?" అని నన్ను అడిగింది.

అవునంటే సరిపోయేది. కానీ ఆ ముఖం చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాను.

"లేదమ్మా. అక్కడ అంతా తెలుపే. రంగులు పనికిరావు."

ఆమె రెండో చెంప మనవరాలి వైపు తిప్పింది.

సెలవు అయ్యాక మళ్ళీ పోస్టుకు వెళ్ళాను. మిగిలిన రోజులు పూర్తి చేసుకుని మా పదిమందిలో తొమ్మిదిమందిమి కిందికి దిగాం. రెండేళ్ళకు రిటైరై మెట్టుగూడ చేరాను. జెండా పండగకు బడివాళ్ళు పిలుస్తుంటారు. మంచు ఎట్లా ఉంటుంది అంకుల్, శత్రువుని చూశారా అంకుల్ అని పిల్లలు అడుగుతారు. చెబుతాను. చెబుతున్నప్పుడు నా కళ్ళ ముందు మంచు ఉండదు.

బొల్లారంలో ఆ పుట్టినరోజు సాయంత్రపు వీధి కొళాయి ఉంటుంది. పొద్దు వాలింది. పిల్లలు ఇళ్ళకు పోయే ముందు వరసగా వంగి నిలబడ్డారు. లచ్చమ్మ చెంబుతో నీళ్ళు పోస్తూ ఒక్కొక్కరి ముఖం తన అరచేత్తో రుద్ది కడుగుతోంది. ఆమె చెంపల మీద పచ్చగీతలు ఆరిపోయి, ముడతల వెంట పగిలాయి. వాటిని మాత్రం ఆమె కడుక్కోలేదు.