జేబులో చెయ్యి

హన్మాండ్లు ఎవరినీ తొందరగా నమ్మడు. గల్ఫ్‌లో అల్ ఐన్ అనే ఊళ్లో ఒక అమెరికా మేడం ఇంట్లో తోటపని చేస్తాడు. ఆమె ఇచ్చే చాయ్‌ని కూడా వాసన చూసి గానీ నోట్లో పోసుకోడు. వరండాలో కుండీలు జరిపినప్పుడల్లా గోడమీది పాత ఫోటో వైపు ఓరకంట చూస్తాడు. అందులో మీసాల తెల్లాయన కోటు తొడుక్కుని, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని బిగుసుకుని నిలబడి ఉంటాడు. ఆయన తన ముత్తాత అనీ, స్వీడన్ నుంచి ఓడెక్కి అమెరికా వెళ్లి, బతుకంతా కట్టె కోసే మిల్లులో పనిచేశాడనీ, ఈ ఫోటో దిగి ఊళ్లో తల్లికి పంపాడనీ మేడం ఒకరోజు వచ్చీరాని హిందీలో చెప్పింది. ఆమె లోపలికి వెళ్లాక హన్మాండ్లు ఫోటో దగ్గరికి జరిగి, "గీయన ఏందో దాస్తుండు," అని గొణుక్కున్నాడు.

ఆ మధ్యాహ్నమే తోటలో ఉండగా ఊరినుంచి భార్య కిష్టవ్వ వీడియో కాల్ చేసింది. అతను ఎప్పటిలాగే కుడిచేత్తో ఫోను పట్టుకుని, ఎడమచెయ్యి జేబులో దోపుకున్నాడు. గడ్డి కోసే మిషన్‌లో రెండు వేళ్లు పోయి ఏడాది దాటినా ఇంట్లో చెప్పలేదు.

"ఎప్పుడు జూసినా గా చెయ్యి జేబులనే ఉంటది. ఏం దాస్తున్నవయ్యా?" అంది కిష్టవ్వ.

"ఏం లేదే, సలి వెడ్తున్నది," అన్నాడు హన్మాండ్లు. జూన్ ఎండకు చెమట కళ్లలోకి కారుతున్నా, తుడుచుకోవడానికి ఆ చెయ్యి బయటికి తీయలేదు.