చద్ది పండగ

మా మేనత్తకి పండగ రోజు సెలవు దొరకదు. పైవాళ్లు ఇవ్వక కాదు, నీళ్లు ఒప్పుకోవు. ఊరికి నీళ్లు తోసే పంపుహౌస్‌లో ఆవిడ ఆపరేటరు. పండగ పొద్దున ఊరు ఊరంతా ఒక్కసారే కుళాయిలు తిప్పుతుంది. స్నానాలు, వంటలు, అంట్లు. నీటి ఒత్తిడి చూపే గేజీలో ముల్లు చూస్తుండగానే పడిపోతుంది. అప్పుడు రెండో మోటారు వేయాలి, అది నిలదొక్కుకున్నాక మూడోది. వాల్వు చక్రం కంగారుగా తిప్పితే పాత గొట్టాలు ఎక్కడో ఒకచోట పగులుతాయి. అత్త పావు చుట్టు తిప్పి ఆగుతుంది, ముల్లు చూస్తుంది, మళ్లీ పావు చుట్టు తిప్పుతుంది. ఊళ్లో ఎవరింట్లో అన్నం ఉడికినా ముందు ఆ చక్రం తిరగాల్సిందే.

ఆ ఉద్యోగం మామయ్యది. ఆయన పోయాక ఈవిడకి ఇచ్చారు. మా నాన్న, బాబాయి ఇద్దరూ వెళ్లి, "మా ఇంటికొచ్చి ఉండు" అంటే, "నాకు మోటార్లు ఉన్నాయి, మీరు వెళ్లి రండి" అందట. పిల్లాజెల్లా లేరు. పంపుహౌస్ గోడకి ఆనించి కట్టిన రెండు గదుల్లోనే ఉండిపోయింది. మొండిఘటం అని పేరు పడింది. మగవాడు అదే పని చేస్తే బాధ్యత గలవాడు అనేవాళ్లు, అది వేరే సంగతి.

కాబట్టి ఆవిడకి పండగ మర్నాడు. ఆ రోజు బాబాయి ఇంటికి వచ్చేది. పిన్ని నిన్నటి మాంసం కూర వేడిచేసి పెట్టేది. గిన్నె అడుగున ముక్కలేం ఉంటాయి, పులుసు ఉంటుంది. కానుకలూ అంతే. పిన్ని ఇంట్లో ఆడవాళ్లందరికీ ఒకే మూటగా శాలువాలు తెచ్చేది. పండగ రోజే ఎవరికి నచ్చిన రంగు వాళ్లం ఏరుకునేవాళ్లం. మిగిలింది అత్తది. ఎప్పుడూ బురదరంగే మిగిలేది. ఆ ఏరుకోవడంలో నేనూ ఉన్నాను. నాకు ప్రతిసారీ నీలం దొరికింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, అప్పుడు వేయలేదు.

ఆ మర్నాటికి బాబాయి ఒక పేరు కూడా పెట్టాడు, చద్ది పండగ అని. అత్త గుమ్మం దిగి వీధి మలుపు తిరిగాక ఆ మాట అనుకుని అందరం పకపకా నవ్వేవాళ్లం. ఆవిడకి తెలియదనే మా ధీమా.

పంతొమ్మిదేళ్లు అలా నడిచింది. పంతొమ్మిదో ఏడాది శాలువాల్లో ఒకటి తక్కువ పడింది. పిన్ని ఏం చేసిందంటే, బీరువాలోంచి ఒక గుడ్డ తీసి, చక్కగా పెట్టెలో మడిచిపెట్టి అత్త చేతికిచ్చింది. అత్త అందరి ముందూ విప్పి భుజాల మీద వేసుకుంది. అది బల్ల మీద పరిచే గుడ్డ, చుట్టూ లేసు. బాబాయికి నవ్వాగలేదు. అత్త కూడా నవ్వింది. తర్వాత దాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి, పిన్ని ఒళ్లో పెట్టింది.

"వచ్చే ఏడు నుంచి మర్నాటి పండగ మా ఇంట్లో. అందరూ రావాలి. ముందు రోజు వండిందేదీ నా గుమ్మం తొక్కడానికి వీల్లేదు" అంది.

"రెండు రోజులు వరసగా ఎవరు తింటారక్కా? పైగా ఆ రోజు ఆఫీసు" అన్నాడు బాబాయి.

"పంతొమ్మిదేళ్లు నేను రాలేదట్రా, డ్యూటీ దిగి?"

నాన్న "చూద్దాంలే" అన్నాడు. మా ఇంట్లో చూద్దాం అంటే రాం అని అర్థం.

మరుసటేడు నేను పదింటికే వెళ్లాను. ఆ రెండు గదుల్లో ఒక గోడ మోటార్ల గోడ. మేకులకి తగిలించిన గరిటెలు సన్నగా వణుకుతూనే ఉంటాయి. అక్కడ ఎవరైనా సరే అరిచి మాట్లాడాలి. ఉప్పు అందుకోమనడానికి కూడా గొంతు చించుకోవాలి. అత్త పన్నెండు మందికి వండింది. కుర్చీలు చాలక నేల మీద చాపలు పరిచింది. మంచం మీద పన్నెండు పొట్లాలు, ఒక్కోదాని మీద పేరు రాసిన కాగితం. అన్నీ శాలువాలే. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నెమలి రంగు, నా పేరుతో నీలం. బురదరంగు వెతికినా లేదు.

పన్నెండైంది. ఒంటిగంటైంది. ఎవరూ రాలేదు. అమ్మ ఫోన్ చేసి ఒంట్లో నలతగా ఉందంది. పిన్ని ఫోనే చెయ్యలేదు. అత్త మూడుసార్లు గుమ్మం వైపు చూసింది. నాకు కడుపు మండిపోయింది. సొంత అన్నదమ్ములు ఒక్క పూట వచ్చి తినిపోతే వీళ్ల సొమ్మేం పోయింది?

"రారు అత్తా!" అని అరిచాను.

"వాళ్లు రాకపోతే నా పండగ ఆగుతుందా?" అని అంతకంటే గట్టిగా అరిచి, చెయ్యి తుడుచుకుని వీధిలోకి వెళ్లింది.

ఎదుటి ఆసుపత్రి గేట్లోంచి డ్యూటీ దిగి వస్తున్న నర్సుని ఆపింది. "నిన్న పని చేశావా?" "చేశానండీ." "అయితే రా, భోజనానికి." బస్టాపులో బండి ఆపి టీ తాగుతున్న డ్రైవర్నీ అదే అడిగింది. కరెంటు స్తంభం దిగుతున్న లైన్‌మన్నీ అదే అడిగింది. నిన్న సెలవు తీసుకున్నవాడెవడూ ఆవిడకి అక్కర్లేదు. నర్సు ఇంకో ఇద్దరిని పిలిచింది, లైన్‌మన్ తన జట్టుని పిలిచాడు. మూడింటికల్లా చాపలు నిండిపోయాయి.

అత్త పొట్లాల మీద కాగితాలు ఒక్కొక్కటే పీకేసి, తలా ఒక శాలువా ఇచ్చింది. నా నీలం కూడా ఎవరికో వెళ్లిపోయింది. డ్రైవరు ఎర్ర శాలువా తలపాగా చుట్టుకుని మరీ తిన్నాడు. లైన్‌మన్ ఉత్త చేతులతో వచ్చానని నొచ్చుకుని, వసారాలో ఎప్పుడో పాడైన దీపం బాగుచేసి వెలిగించి చూపించాడు. నర్సు రెండోసారి అన్నం పెట్టించుకుంటూ, "ఏడేళ్లయిందండీ, పండగన్నాక ఒకరు నాకు వడ్డించి" అని అరిచింది. పక్కవాళ్లకి వినపడలేదు. అత్తకి వినపడింది. ఆ పిల్ల కంచంలో ఇంకో రెండు ముక్కలు వేసింది.

నాలుగింటికి నాన్న, బాబాయి వచ్చారు. కిటికీలోంచి నేనే ముందు చూశాను. నాన్న చెప్పులు విప్పుతున్నాడు. బాబాయి మొహం ముడుచుకుని, నాన్న చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అరుస్తున్నాడు. ఆ మోతలో ఎవరికీ వినపడదని ఆయన ధైర్యం. నాలుగింటికి ట్యాంకు నిండుతుందని, నిండగానే ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్లు మోటారు ఆపేస్తారని ఇన్నేళ్లుగా ఆ ఇంటికి రానివాడికెలా తెలుస్తుంది?

మోటారు ఠక్కున ఆగింది.

"ఈ చద్ది పండక్కి పర్మిషన్ పెట్టి మరీ రావాలా అన్నయ్యా!"

గోడ మీద గరిటెలు కూడా కదల్లేదు. పదిమంది చేతులు కంచాల్లోనే ఆగిపోయాయి. నర్సు తల దించుకుంది. ఆ మాట తనకి కూడా తగిలింది మరి. నాకైతే నేనే అన్నట్టనిపించింది.

అత్త గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఆ మాట నాకు కొత్తేం కాదురా. మీ వీధి మలుపు అంత దూరమేం కాదు" అంది మామూలు గొంతుతో. ఆ ఇంట్లో ఆవిడ మామూలు గొంతు నేను వినడం అదే మొదటిసారేమో. "నిన్న పొద్దున మీ కుళాయిలో నీళ్లొచ్చాయా?"

"వచ్చాయక్కా."

"నేనిక్కడ ఉన్నాను కాబట్టి వచ్చాయి. వీళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఉన్నారు కాబట్టి నీకు పండగైంది. మాది ఇవాళ. లోపలికొచ్చి కూర్చో."

నాన్న లోపలికి వచ్చి లైన్‌మన్ పక్కన చోటు చేసుకున్నాడు. బాబాయి నెమ్మదిగా వంటగదిలోకి తొంగి చూశాడు. గిన్నెలన్నీ ఖాళీ. తప్పు దిద్దుకుందామనే కాబోలు, "పర్లేదక్కా, ఏదైనా మిగిలి ఉంటే అదే పెట్టు, చాలు" అన్నాడు.

"మా ఇంట్లో మిగిలింది పెట్టం" అంది అత్త.

పొయ్యి మళ్లీ వెలిగించింది. బియ్యం కడిగింది. నేను ఉల్లిపాయలు అందుకోబోతే కత్తిపీట నా దగ్గర్నుంచి లాక్కుని తమ్ముడి ముందు పెట్టింది. అతిథులు ఒక్కొక్కరే చేతులు కడుక్కుని, శాలువాలు కప్పుకుని, సెలవు తీసుకుని వెళ్లారు. నాన్న, బాబాయి గంటన్నర ఆకలితో కూర్చున్నారు. అత్త తొందరపడలేదు.