కాశింబీ కోడె

1980ల నడిమిలో ఒక మే నెలలో నన్ను వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా పల్నాడులోని ఒక పశువైద్యశాలకు వేశారు. రెంటచింతల నుంచి మాచర్ల వెళ్ళే బస్సు ఆ ఊళ్ళో ఆగుతుంది. ఊరి పేరు చెప్పను, ఇందులోని మనుషుల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. అసిస్టెంట్ అన్న మాట చూసి ఎవరికో సహాయకురాలిని అనుకోకండి. ఆ ఆస్పత్రికి డాక్టరు అంటే ఆ ఉద్యోగే. కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు. పైన నరసరావుపేటలో అసిస్టెంట్ డైరెక్టరు, మా వాడుకలో ఏడీ గారు. నాకు ముందు ఆ ఆస్పత్రిలో ఆడ డాక్టరు పనిచేయలేదు.

అది రోహిణి కార్తె. ఆ ఎండ చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, చూడనివాళ్ళకు చెప్పినా నమ్మరు. పరుపు మీద వీపు ఆనేది కాదు, నేల మీద నీళ్ళు చల్లుకుని పడుకునేదాన్ని. అద్దె గది కోసం ఏ గడప ఎక్కినా ఒకటే ప్రశ్న, "మీ ఆయన యాడుంటాడమ్మా?" పెళ్ళి కాలేదంటే గది ఖాళీ లేదు. గొడ్ల డాక్టరుకు మొగుడుంటే గొడ్లకు జబ్బులు తొందరగా తగ్గుతాయి కాబోలు! చివరికి చర్చి వీధిలో ఒక టీచరమ్మ జాలిపడి తన వసారా గది ఇచ్చింది.

పని మొదలైంది. కోళ్ళకు కొక్కెర తెగులు టీకాలు, మేకలకు నట్టల మందు. గేదె ఈనలేక అవస్థ పడుతుంటే మాత్రం నా కోసం పరిగెత్తుకొచ్చేవారు. "ఆడోళ్ళ బాధ ఆడోళ్ళకే తెలుసుద్ది" అనేవారు. భుజం దాకా చెయ్యి పెట్టి, అడ్డం తిరిగిన దూడను సరిచేసి బయటికి తీస్తే దండం పెట్టారు. దండం పెట్టిన రైతే మర్నాడు తన కోడెను తోలుకొచ్చి, గుమ్మంలో నన్ను చూసి వెనక్కి తిప్పుకుపోయాడు.

ఎందుకో చెప్పాలి. కోడెకు కాడి అలవాటు చేయాలంటే ముందు దాని వృషణాలు పనిచేయకుండా చేయాలి. లేకపోతే మనిషి మాట వినదు. పల్లెల్లో దీన్ని కొట్టించడం అంటారు. కాళ్ళు కట్టి పడేసి, రెండు కర్రల మధ్య బిగించి రాయితో నలగగొడతారు. కొన్ని కోడెలు తట్టుకుంటాయి. కొన్నిటికి చీము పట్టి, ధనుర్వాతం వచ్చి, దవడ బిగుసుకుని చస్తాయి. మా శాఖలో ఇందుకు బర్డిజో అనే పనిముట్టు ఉంది. చూడటానికి పెద్ద పట్టకారు. చర్మం తెగకుండా లోపలి నాళాలు మాత్రమే నలిగి తెగుతాయి. రక్తం రాదు, పుండు పడదు. నొప్పి లేదనను, కానీ క్షణాల్లో అయిపోతుంది.

మా కాంపౌండరు కోటేశ్వరరావు నాకు సంగతి విడమరిచి చెప్పాడు. "మేడం, ఆ మాట మీ ముందర ఎత్తడానికే రైతులు సిగ్గుపడతన్నారు. కోడె వస్తే మీరు లోపల కూచోండి, నేను చూసుకుంటా." ఆయన చూసుకోవడమంటే రైతును వెంటబెట్టుకెళ్ళి కొట్టేవాడి ఇల్లు చూపించడమని నాకు రెండు వారాలకు గానీ తెలియలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. సిగ్గు మగవాళ్ళది, రాళ్ళ దెబ్బలు కోడెవి!

అలాంటి రోజుల్లో కాశింబీ వచ్చింది. ఆమె భర్త మస్తాన్ నాపరాళ్ళ బండి తోలేవాడు. కిందటేడు వాళ్ళ కోడెను కొట్టించారు, అది ధనుర్వాతంతో పోయింది. కాశింబీ తన మేకలన్నీ అమ్మి ఇంకో కోడెను కొన్నది. అది పొగరెక్కి మస్తాన్‌ను కుమ్మితే భుజం ఎముక విరిగి మంచాన పడ్డాడు. ఇప్పుడు ఇంట్లో బావగారి మాట ఒకటే, కొట్టించు, లేదంటే కటికవాళ్ళ బేరగాడికి తోలెయ్. ఈ వారం సంతకు బేరగాడు వస్తాడు.

"కొట్టిస్తే సచ్చుద్ది, అమ్మితే కోస్తారు," అంది కాశింబీ. "ఇది పోతే మాకు బండి లేదు, బండి లేకపోతే కూడు లేదు. నువ్వు చెయ్యి డాక్టరమ్మా. నువ్వు ఆడదానివైతే నాకేంది?"

ఆ ఊళ్ళో నాతో ఆ మాట అన్న మొదటి మనిషి ఆమె. బీరువా తెరిపించి బర్డిజో బయటికి తీయించాను. వాడే ముందు దాన్ని పరీక్షించడం పద్ధతి. రెండు కాగితాల మధ్య నూలు దారం పెట్టి నొక్కాలి. కాగితం చిరగకూడదు, లోపలి దారం తెగాలి. నేను నొక్కాను. కాగితం చిరిగింది, దారం అలాగే ఉంది. దవడలు వంకరపోయి ఉన్నాయి.

ఏమిటిదని అడిగితే కోటేశ్వరరావు నీళ్ళు నమిలాడు. అటెండరు చెప్పాడు. ఊళ్ళో ఒక పెద్దరైతు చేనికి కంచె వేసుకుంటూ ముళ్ళ తీగ వంచడానికి అడిగితే కాంపౌండరుగారే ఇచ్చారట. ఆడ డాక్టరు ముట్టుకుంటే పరువు పోయే పనిముట్టు ముళ్ళ తీగ వంచడానికి మాత్రం పనికొచ్చింది! ఆ రోజు నేను అరిచిన అరుపు వీధి చివర టీ కొట్టు దాకా వినిపించిందని తరువాత చెప్పారు. వినపడనీ.

మర్నాడు బస్సెక్కి నరసరావుపేట వెళ్ళాను. ఏడీ గారు మధ్యాహ్నం దాకా బయట బల్ల మీద కూర్చోబెట్టి అప్పుడు పిలిచారు. బాగున్న బర్డిజో ఒకటి ఇప్పించమన్నాను. ఆయన ఇబ్బందిగా ఫ్యాను వంక చూశారు. "చూడమ్మా, నలుగురూ చూస్తుంటే నువ్వు ఆ పని చేస్తే డిపార్ట్‌మెంట్‌కేం మర్యాద? కోళ్ళున్నాయి, గేదెలున్నాయి, వాటిని చూసుకో."

నాకు పట్టా ఇచ్చినవాళ్ళు మగ పశువులు మినహా అని రాయలేదన్నాను. గొంతు పెరిగిందనే అనుకుంటాను, గుమాస్తాలు తొంగిచూశారు. చివరికి ఏడీ గారు ఒక ఒప్పందానికి వచ్చారు. ఎల్లుండి మాచర్ల క్యాంపుకు వెళుతూ పనిముట్టు తనే తెస్తారు, తన సమక్షంలో కోటేశ్వరరావు చేస్తాడు, నేను పక్కన నిలబడి పర్యవేక్షించాలి. ఎల్లుండి అంటే సంతకు ముందురోజు. ఇంకో దారి లేదు కాబట్టి ఒప్పుకున్నాను.

చెప్పిన రోజు పొద్దున్నే జీపు వచ్చింది. తెల్ల ప్యాంటు, నల్ల కళ్ళజోడుతో ఏడీ గారు దిగారు. ఊళ్ళో మగవాళ్ళందరూ ప్రహరీ గోడ మీద మోచేతులానించి నిలబడ్డారు, తోలుబొమ్మలాట చూడటానికి వచ్చినట్టు. కోడెను ట్రెవిస్‌లో నిలబెట్టాం, అంటే పశువు కదలకుండా ఇనప గుంజలతో కట్టిన చట్రం. ముకుతాడు కాశింబీ పట్టుకుంది. తోక అటెండరు పట్టుకున్నాడు. దారంతో పరీక్షించాను, కొత్త బర్డిజో బాగుంది. కోటేశ్వరరావు చేతికిచ్చాను.

ఆయన వెనక్కి వెళ్ళి, వంగి, దాన్ని అడ్డంగా రెండు వైపులనూ కలిపి ఒకేసారి పట్టబోయాడు.

అది తప్పు. ఎడమ వైపు విడిగా, కుడి వైపు విడిగా, ఒకదాని కంటే ఒకటి కాస్త కిందగా పట్టాలి. నడిమి భాగం ముట్టుకోకూడదు. రెండూ కలిపి నొక్కితే రక్తం ఆడక తిత్తి మొత్తం కుళ్ళి ఊడిపోతుంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన ఆ పని ఒక్కసారీ చేయలేదు. చేతకాదని చెప్పడం మాత్రం నామోషీ. ఆయన చేతిలోంచి పనిముట్టు లాగేశాను. ఆ విసురుకు కోడె బెదిరి వెనక్కి తన్నింది. అటెండరు తోక వదిలేసి గోడ దాకా పరిగెత్తాడు. కోటేశ్వరరావు అతని వెనకే.

పనిముట్టు నా చేతిలో ఉంది. తోక పట్టుకునే మనిషి లేడు. తోక ఎత్తి పట్టకపోతే కోడె తన్నడం మానదు. గోడ మీద మోచేతులానించిన వీరులు ఒక్కరూ కదల్లేదు. పక్కన నిలబడి ఉన్నది ఏడీ గారే.

"సార్, తోక పట్టుకోండి," అన్నాను.

ఆయన వినపడనట్టు చూశారు. ఇంకోసారి అనబోతుంటే ముందు నుంచి కాశింబీ అందుకుంది. "పట్టుకో సారూ! సంత రేపే!"

పట్టుకున్నారు. రెండు వేళ్ళతో. "అట్టా పూలదండ పట్టుకున్నట్టు పట్టుకుంటే అది ఊరుకుద్దా? గట్టిగా ఎత్తు," అని మళ్ళీ కసిరింది. గోడ అవతల ఎవరో కిసుక్కుమన్నారు. ఏడీ గారు రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. ఎడమ వైపు నొక్కాను, లోపల తెగిన చప్పుడు చేతికి తెలిసింది. కుడి వైపు నొక్కాను. అయోడిన్ రాశాను. అయిపోయింది. కోడె ఏడీ గారి తెల్ల ప్యాంటు మీద పేడ వేసింది.

"బాగానే చేశావమ్మా," అన్నారాయన, చేతులు కడుక్కుంటూ. ఆ 'బాగానే' అన్న మాట మీద నాకు ఇప్పటికీ కోపమే.

నాలుగు రోజులు వాపు ఉంది, తగ్గింది. మర్నాటి సంతకు కోడె వెళ్ళలేదు. ఖరీఫ్ అయ్యేసరికి మెత్తబడి బండికి పూనింది, మస్తాన్ మళ్ళీ నాపరాళ్ళు తోలాడు. ఊళ్ళోవాళ్ళకు సిగ్గు ఒక్కరోజులో పోలేదు. మొదట్లో కోడెను అటెండరుకు అప్పగించి తాము టీ కొట్టు దగ్గర ఆగిపోయేవారు. తరువాత తరువాత లోపలికి వచ్చారు. ముళ్ళ తీగ వ్యవహారం మీద నేను ఎన్ని ఫిర్యాదులు పంపినా ఎవరూ పట్టించుకోలేదు. కోటేశ్వరరావు హాయిగా పదవీ విరమణ చేశాడు.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఒకటే. మనకు పని వచ్చునని నరసరావుపేట ఆఫీసులో గొంతు చించుకుంటే లాభం లేదు. ఈ పని ఆడవాళ్ళ వల్ల అవుతుందా అని అడిగే పెద్దమనిషిని పశువు దగ్గరకు తీసుకొచ్చి చేతిలో తోక పెట్టాలి. సర్వీసు పొడుగునా, వేసిన ప్రతి ఊళ్ళోనూ నేను అదే చేశాను. వాళ్ళలో తోకను గట్టిగా పట్టుకున్నవాళ్ళు తక్కువ.