గోడవార వరస

మంగళవారం పొద్దున్న మిల్లు మేస్త్రి మా గేటు అవతలే నిలబడి చెప్పాడు. "అమ్మా, కళ్ళం అవ్వ పోయింది. ఊర్ల బిడ్డ ఇంట్ల ఉండె గద. పండుకున్నది పండుకున్నట్టే, పొద్దుగాల లేవలేదంట."

నేను "అయ్యో" అన్నాను. పొయ్యి మీద ఇడ్లీలు ఉన్నాయి, లోపలికొచ్చి దింపాను. చట్నీలో ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాను. మా ఆయన మంచినీళ్ళు తాగుతూ తిని లేచారు. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

అవ్వ ఊరు గిల్లేసూగూరు వెళ్ళలేదు నేను. మా పిల్లని అంతదూరం బస్సులో తీసుకెళ్ళలేను, హారన్లకి చెవులు మూసుకుని అరుస్తుంది అని అడిగినవాళ్ళందరికీ చెప్పాను. అది నిజమే. పిల్లని అత్తయ్యగారి దగ్గర వదిలి ఒక్కదాన్నే వెళ్ళొచ్చు, అదీ నిజమే. ఎప్పుడూ నడుస్తూ ఉండే మనిషిని పడుకోబెట్టి ఉంటే చూడాలనిపించలేదు. అందుకే ఇలా కూర్చుని రాస్తున్నాను. వెళ్ళనిదానికి ఇది బదులు కాదని నాకు తెలుసు.

అవ్వ ఎవరో మీకు చెప్పాలి. మాది కర్ణాటకలో సింధనూరు దాటాక గోరేబాళ పక్కన ఆంధ్రా వాళ్ళ క్యాంపు. మా మామగారి నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి కాలువ నీళ్ళు చూసుకుని వచ్చి ఇక్కడ వరి వేశారు. మా గేటు ముందు రోడ్డు, రోడ్డు దాటితే ఉప్పుడు బియ్యం మిల్లు. అక్కడ ఉడికిన ధాన్యాన్ని సిమెంటు కళ్ళం మీద ఆరబోసి, కొంచెం కొంచెం సేపటికి కాళ్ళతో తిరగేస్తారు. ఒక్కొక్కరు ఒక్కో వరస పట్టుకుని, పాదం పైకి ఎత్తకుండా, ఈడ్చుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తారు. అడుగున ఉన్న గింజ పైకి వస్తుంది. ఆ పనిచేసే ఆడవాళ్ళందరికీ ఆమె పెద్ద. గోడవార వరస ఎప్పుడూ ఆమెదే. ఎండ ముదిరాక గోడ నీడ తగిలేది ఆ ఒక్క వరసకే, వయసుకి ఇచ్చే మర్యాద అది.

ఇక మా చిన్ని. దానికిప్పుడు ఏడేళ్ళు. నడక వచ్చినప్పటి నుంచీ మునివేళ్ళ మీదే నడిచింది. మడమ నేలకి ఆనేది కాదు. చేతులు ఊపేది కాదు, ఛాతీ దగ్గరకి ముడిచి పెట్టుకునేది. ఎప్పుడూ గోడ పట్టుకుని పోయేది, లేదా వసారాలో స్తంభం చుట్టూ ఒకే వైపు తిరిగేది. మేమేం చేశామనుకున్నారు? మురిసిపోయాం. "కూచిపూడి పిల్లలా ఉందే దీని నడక, దిష్టి తగులుతుంది" అని మా అత్తయ్యగారు బెజవాడ వెళ్ళే మనిషి చేత వెండి మువ్వల పట్టీలు తెప్పించి వేశారు. పట్టీలు వేశాక అది ఇంకా పైకి లేచి, ఇంకా మెల్లగా నడవడం మొదలుపెట్టింది. ఎంత నెమ్మదైన పిల్లో అని దానికీ మురిసిపోయాం. తల్లిని, నాకైనా తెలియాలి కదా.

మాటలు రాలేదని రాయచూరు తీసుకెళ్తే ఆటిజం అన్నారు. నడక సంగతి చూడమని ఫిజియోథెరపిస్టు దగ్గరకి పంపారు. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ఇలాంటి పిల్లల్లో కొందరు మునివేళ్ళ మీద నడుస్తారు, ఎందుకో గట్టిగా చెప్పలేం, కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. కానీ పిక్క బిగిసిపోకుండా చూసుకోండి, మడమ వెనక నరం పొట్టిదైపోతే పిండికట్టు వేయాల్సి రావచ్చు. రోజూ పాదం వంచే వ్యాయామం చేయించండి, బలవంతం మాత్రం చేయకండి.

నేను బలవంతమే చేశాను. కాలు ముట్టుకోనిస్తేగా అది! మోకాళ్ళ మధ్య ఇరికించుకుని మడమ పట్టి నొక్కేదాన్ని. "మడమ ఆనించవే! ఆనించు!" అని అరిచేదాన్ని. అది నాకంటే గట్టిగా అరిచేది. ఒకరోజు ఆ గోలకి రోడ్డు దాటి వచ్చింది అవ్వ.

"ఏందమ్మా, గట్ల ఒర్రుతున్నవ్? జర ఇడువు పిల్లను."

వదిలాను. అవ్వ చెప్పులు బయటికి తిప్పి విడిచి, మెట్టు మీద కూర్చుంది. ఎక్కడికెళ్ళినా చెప్పులు అలా తిప్పే విడిచేది, పోయేటప్పుడు తిరగాల్సిన పని ఉండదని. పిల్ల వసారాలో తిరుగుతుంటే చాలాసేపు దాని కాళ్ళే చూసింది. టీ ఇస్తే సాసర్లో పోసుకుని తాగింది. తాగి చెప్పింది.

"ఆ పట్టీలు తియ్యమ్మా. సప్పుడైతే దానికి గిట్టదు. సప్పుడు గాకుండ నడవాలని పరేషాన్ అవుతున్నది."

నాకు ఒళ్ళు మండింది. డాక్టర్లకే తెలియనిది ఈవిడకి తెలిసిందా అనుకున్నాను. అవ్వ గేటు దాటగానే అత్తయ్యగారు, "వెండి పట్టీలు కదమ్మా, కళ్ళు కుట్టుంటాయి" అన్నారు. కాదని నేను అనలేదు. పట్టీలు ఇంకో రెండు నెలలు దాని కాళ్ళకే ఉన్నాయి.

ఒక రోజు పది గంటలప్పుడు చూస్తే ఇంట్లో పిల్ల లేదు. గేటు తీసి ఉంది. రోడ్డు మీద ధాన్యం లారీలు. చెప్పులు కూడా లేకుండా పరిగెత్తి కళ్ళంలోకి వెళ్ళాను. గోడవార వరసలో అవ్వ నడుస్తోంది. దాని పక్క వరసలో, ఒక్క అడుగు వెనకగా, చిన్ని. చీలమండల దాకా గోరువెచ్చటి ధాన్యం. మువ్వల్లోకి ఊక, గింజలు దూరి పట్టీలు మూగబోయాయి. పిల్ల చేతులు కిందికి వేలాడుతున్నాయి. అవ్వ తల తిప్పకుండా, దాన్ని చూడకుండా, తనలో తను అనుకుంటున్నట్టు అంటోంది. "ఎత్తకు బిడ్డా, ఈడ్సు. ఎత్తకు, ఈడ్సు."

పిల్ల వెనక చూశాను. ధాన్యంలో మడమ దాకా పడిన గీత, కొస నుంచి కొసకి. నా కూతురి పాదం మొత్తం నేలకి ఆనడం నేను చూసింది అదే మొదటిసారి. అక్కడే కూర్చుని పట్టీలు విప్పేశాను.

పట్టీలు తీశాక మునివేళ్ళ నడక పోయిందని అనుకుంటారేమో. పోలేదు. కళ్ళం దాటి గచ్చు మీదకి రాగానే మళ్ళీ పైకి లేచేది. ఇప్పటికీ లేస్తుంది. పోతుందని అవ్వ ఎప్పుడూ అనలేదు కూడా. నేనే ఉండబట్టలేక, "అవ్వా, మామూలుగా ఎప్పుడు నడుస్తుందంటావ్?" అని అడిగితే నవ్వింది. "నడుస్తనే ఉన్నది గదమ్మా. యాడికి పోవాల్నో దానికెరుకే." ఇంకోసారి నేను గట్టు మీద నిలబడి మడమ మడమ అని అరుస్తుంటే కసిరింది. "నువ్వు జర నోరు మూసుకో. అది నా కాలు జూసి నడుస్తది, నీ నోరు జూసి గాదు."

అలా మూడేళ్ళు. పొద్దున్న పది గంటలకి, ధాన్యం వేడి కొంచెం తగ్గాక. ముందు అవ్వ తన పాదం పెట్టి చూసేది. కాలుతుంటే చేత్తో ఆగమనేది, పిల్ల ఆగేది. నేను చెబితే ఆగని పిల్ల. ఆరిందో లేదో కూడా అవ్వ పాదంతోనే చెప్పేసేది, మేస్త్రి గింజ కొరికి చూసి సరే అనేవాడు. అవ్వ పిల్లని ఒక్కసారీ ముట్టుకోలేదు. ముద్దు చేయలేదు. పక్కన నడిచింది, అంతే.

ఆర్నెల్లకి ఫిజియోథెరపిస్టు పాదం వంచి చూసి, బాగా వంగుతోందే, ఇంట్లో ఏం చేయిస్తున్నారు అని అడిగారు. మీరు చెప్పిన వ్యాయామమే అన్నాను. కళ్ళం కూలీ వెనక ధాన్యంలో నడిపిస్తున్నానని చెప్పడానికి సిగ్గేసింది. ఈ ఒక్క మాట రాయడానికే ఇదంతా మొదలుపెట్టానేమో. అవ్వ చేసింది నా ఖాతాలో వేసుకున్నాను. ఆ సంగతి అవ్వకీ చెప్పలేదు. అవ్వంటే నాకు ఎంత ఇష్టమో కూడా చెప్పలేదు. మళ్ళీ పంట వచ్చేదాకా ఊరికి పోయొస్తానని వచ్చినప్పుడు, "జాగ్రత్త అవ్వా" అన్నాను. అంతే అన్నాను.

ఆమె తన ఊళ్ళో ఉన్న రోజుల్లో పిల్ల కళ్ళంలోకి వెళ్ళేది కాదు, పిక్కలు మళ్ళీ రాయిలా అయ్యేవి. ఈసారీ అయ్యాయి. వచ్చే నెల రాయచూరు వెళ్ళాలి. మిల్లు మొదలయ్యాక అవ్వ వస్తుందిలే అనుకుంటూ కూర్చున్నాను. మిల్లు మొదలైన మూడో రోజున మేస్త్రి గేటు దగ్గరికి వచ్చాడు.

"అవ్వ రాదమ్మా, ఇంక రాదు" అని పిల్లకి చెప్పాను. వేళ్ళు ఆడించుకుంటూ కిటికీలోంచి కళ్ళం వైపే చూసింది. విన్నదో లేదో. మర్నాడు పది గంటలకి గేటు దగ్గర నిలబడింది. తీసుకెళ్ళాను. తన వరస మొదట్లో మునివేళ్ళ మీద నిలబడింది, దిగలేదు. ఎండెక్కే దాకా నిలబడింది. గురువారమూ అంతే. నేను బతిమాలాను, చివరికి పాత బుద్ధి పోక అరిచాను. కూలీల్లో ఒకమ్మాయి పక్కన ఇంకో వరసలో నడిచి చూపించింది. పిల్ల అటు చూడనే లేదు.

శుక్రవారం మేస్త్రి నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "గోడ దిక్కు వరస ఖాళీ ఉన్నది గదమ్మా. ఆ వరసల మనిషి నడిస్తేనే పిల్ల నడుస్తుండె. మావోళ్ళు ఎవరూ అవ్వ వరసల దిగుతలేరు, మనసొప్పుతలేదు వాళ్ళకు."

చెప్పులు విడిచాను. బయటికి తిప్పి విడిచాను, ఎందుకో. గోడవార ధాన్యంలో కాలు పెడితే చురుక్కుమంది. మూడేళ్ళు గట్టు మీద నిలబడి మడమ మడమ అని అరిచినదాన్ని, ఒక్కసారి కూడా అందులో దిగలేదు నేను. గింజలు వేళ్ళ మధ్య గుచ్చుకుంటుంటే తెలియకుండానే పాదాలు పైకెత్తి, వేళ్ళ మీద అడుగులు వేశాను. నాలుగు అడుగులు వేశానో లేదో, చీర కుచ్చెళ్ళ దగ్గర ఏదో తగిలింది. చిన్ని వంగి ఉంది. తన చెయ్యి నా పాదం మీద పెట్టి కిందికి నొక్కుతోంది. ఎవరి కాలూ ముట్టుకోని పిల్ల, తన కాలు ఎవరినీ ముట్టుకోనివ్వని పిల్ల. నీళ్ళు, వద్దు, ఇంకో రెండు మూడు మాటలు తప్ప దాని నోట ఏమీ రావు.

"ఈడ్సు" అంది.

మా ఇంట్లో ఎవరూ అలా అనరు.

ఈడ్చాను. అది తన వరసలోకి దిగింది, నాకు ఒక్క అడుగు వెనకగా. ఆ కొస దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. గోడవార గీత వంకరటింకరగా, చాలాచోట్ల తెగిపోయి ఉంది. దాని పక్కన చిన్న గీత, తిన్నగా, మడమ దాకా.