నేల మీద నలభై నిమిషాలు

2022లో నేను చింతామణి పొలిమేరలోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. ఇరవై ఆరుమంది పెద్దవాళ్ళు, నేను, నలుగురు నర్సింగ్ అసిస్టెంట్లు. నర్సింగ్ అసిస్టెంటు అంటే స్నానం చేయించి, అన్నం తినిపించి, బీపీ చూసి రాసే మనిషి. సూది వేయకూడదు, మందు మార్చకూడదు. ఏదైనా ప్రమాదం జరిగితే వాళ్ళు నన్ను పిలవాలి, నేను చూసుకోవాలి. ఇరవై ఏళ్ళ సర్వీసు ఉందన్న పొగరు నాకు బాగానే ఉండేది.

ఆ నలుగురిలో చిన్నది పవిత్ర. మిట్టేమరి నుంచి వచ్చి నాలుగు నెలలయింది. నోట్లో నాలుక లేనట్టుండేది. ఈ పిల్ల అర్జెంటుకు అరవనైనా అరుస్తుందా అని ఎగతాళి చేసినదాన్ని నేనే.

వెంకటరవణప్పగారిని మేమంతా మేష్ట్రు అనేవాళ్ళం. కెంచార్లహళ్ళి దగ్గర బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఎనభై దాటినా పంచె మడత నలగనిచ్చేవారు కాదు. ఎవరైనా చెయ్యి అందించబోతే, "నేనేమన్నా పసిబిడ్డనా?" అని కసిరేవారు.

ఒకరోజు పొద్దున వాన పడి వరండా తడిసింది. టిఫిన్‌కి వస్తూ మేష్ట్రు జారారు. నుదురు సిమెంటు అరుగుకు కొట్టుకుని వెల్లకిలా పడిపోయారు.

మన దగ్గర మనిషి పడితే ఏం చేస్తాం? లేపుతాం. లేపి, కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, అప్పుడు దెబ్బ ఎక్కడ తగిలిందని అడుగుతాం. వాచ్‌మన్ ఒక పక్క, వంటమనిషి కాళ్ళ దగ్గర, నేను ఇంకో పక్క చేరాం. అవును, నేనే. నా చెయ్యి అప్పటికే ఆయన చంక కిందికి వెళ్ళిపోయింది.

"ఎవురూ ముట్టొద్దండి!"

ఆ గొంతు పవిత్రదని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది.

"అక్కా, చెయ్యి తియ్యి. చేతులు జుమ్ముమంటాండాయని ఆయప్ప చెప్తాండాడు, వినలేదా?"

నిజంగానే వినలేదు. పడ్డాక చేతుల్లో తిమ్మిరి మొదలైందంటే మెడ ఎముక విరిగి ఉండవచ్చు. అలాంటి మనిషిని చంకలు పట్టి లేపితే మెడ కింద ఒళ్ళంతా చచ్చుబడిపోవచ్చు. చెయ్యి తీసేసి అంబులెన్సుకు ఫోన్ చేశాను. అరగంట పైనే పడుతుందన్నారు.

పవిత్ర ఆయన తల వైపు చేరి, ఆ తడి నేల మీద బోర్లా పడుకుంది. మోచేతులు నేలకు ఆనించి, రెండు అరచేతులతో ఆయన తల కదలకుండా పట్టుకుంది.

"మేష్ట్రే, తల ఊపొద్దండి. ఏమడిగినా నోటితోనే చెప్పండి. కాలి వేళ్ళు ఆడించండి, చూస్తాం."

వేళ్ళు ఆడాయి. నా ప్రాణం కుదుటపడింది. కానీ అంతలోనే ఆయన లేవబోయారు. భుజాలు బిగుసుకున్నాయి, నడుము లేస్తోంది.

"నన్ను లేపండమ్మా! అందరూ నిలబడి చూస్తాండారు. మానం పోతాండాది."

చుట్టూ పదిమంది. కర్రలు, వాకర్లు, పైనుంచి జాలిగా వంగిన మొహాలు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గట్టిగా అదిమితే మెడకే ప్రమాదం, వదిలితే లేచేస్తారు. ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

పవిత్ర తలెత్తకుండానే అంది. "అందరూ కింద కూచోండప్పా. ఎవురూ నిలబడొద్దు."

ముందు వంటమనిషి కూర్చుంది, తర్వాత వాచ్‌మన్. ఆ తర్వాత... అమ్మో, ఇప్పుడు రాస్తున్నా ఒళ్ళు జలదరిస్తోంది. మోకాళ్ళ నొప్పులతో ఏడాదిగా నేల మీద కూర్చోని గంగులమ్మ అనే పెద్దావిడ గోడ పట్టుకుని, మూలుగుతూ కిందికి దిగింది. ఆమెను చూసి ఒక్కొక్కరే. వంగలేనివాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. నేనూ ఆ తడిలోనే కూర్చున్నాను.

మేష్ట్రు కళ్ళు అటూ ఇటూ తిప్పారు. పైన కప్పు తప్ప ఎవరూ లేరు.

"ఏమ్మా గంగులమ్మా, నువ్వూ పడితివా?"

"పడలేదప్పా, కూచుంటి. నన్ను లేపేదానికి ఇంక నలుగురు కావల్ల."

"నవ్వొద్దండి మేష్ట్రే, తల అదురుతాది," అంది పవిత్ర.

ఆయన భుజాలు వదులయ్యాయి. నలభై నిమిషాలు ఆ పిల్ల చేతులు పట్టు మార్చలేదు. అంబులెన్సువాళ్ళు మెడకు కాలర్ వేసి, లాగ్ రోల్ చేశారు. అంటే తల, భుజాలు, నడుము అన్నీ ఒకే దుంగలా తిప్పి బోర్డు మీదికి చేర్చడం.

స్కాన్‌లో మెడ ఎముక విరిగినట్టు తేలింది. విరిగిన ముక్క పక్కకు జరగలేదు, అందుకే నరాలు దక్కాయి. లేపి ఉంటే ఈ మాట చెప్పేవాణ్ణి కాదన్నారు డాక్టరు. కొన్ని నెలలకు మేష్ట్రు తన కాళ్ళ మీద నడుచుకుంటూ తిరిగొచ్చారు.

ఆయన పడ్డ రోజు మధ్యాహ్నం పవిత్ర మోచేతులు చూస్తే దోక్కుపోయి ఉన్నాయి. మందు రాస్తూ అడిగాను.

"తల పట్టుకునేది యాడ నేర్చుకుంటివే?"

"నువ్వే కదక్కా, పోయిన నెల క్లాసులో చెప్తివి."

చెంప పగిలినట్టయింది.

"మరి అందర్నీ కూచోమన్నది? అది నేను చెప్పలేదే."

"పడుకుంటే తెలిసెనక్కా. ఆడ్నుంచి చూస్తే మీరంతా శానా ఎత్తుగా ఉంటిరి."

కింద ఉన్న మనిషిని ఇరవై ఏళ్ళుగా పైనుంచే చూశాను నేను. ఇప్పుడు కొత్త అసిస్టెంట్లు చేరగానే ఒక్కొక్కరినీ నేల మీద పడుకోమని, మిగతావాళ్ళను చుట్టూ నిలబడి చూడమంటాను. మెడ పట్టుకోవడం, లాగ్ రోల్, అన్నీ ఆ తర్వాతే. మొదటిసారి ఆ క్లాసు పెట్టినప్పుడు ముందు నేనే పడుకున్నాను. అర నిమిషం కూడా ఉండలేకపోయాను.