హద్దురాయి ఖంగుమన్న ప్లాటు

మార్కాపురంలో పలకరాయిని తట్టి దాని మంచిచెడ్డలు చెప్పగలిగినవాళ్లలో ఖాదర్ వలి ఒకడు. వేలి కణుపుతో టక్కున కొడతాడు. ఖంగుమంటే మంచి రాయి, మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. ముప్పై ఏళ్లుగా పలకల ఫ్యాక్టరీలో ఆయన చెవికి తిరుగులేదు. ఆ చెవే ఆయన కొంప ముంచింది.

తొమ్మిదేళ్ల కిందట తర్లుపాడు రోడ్డులో ఎవరో వెంచర్ వేశారు. జెండాలు, షామియానా, వచ్చినవాళ్లందరికీ బిర్యానీ. అందరూ కాగితాలు తిరగేస్తుంటే మనవాడు హద్దురాయి దగ్గర గొంతుక్కూర్చుని టక్కున కొట్టాడు. ఖంగుమంది. "రాయి మంచిది" అని పక్కవాడితో గొప్పగా చెప్పి అడ్వాన్సు ఇచ్చేశాడు. మంచిదే, ఎవరు కాదన్నారు! దాని కిందేముందో కూడా చూసుకోవాలి కదయ్యా, మహానుభావా.

కిస్తీలు మొదలయ్యాక అద్దె తగ్గుతుందని నేలమీది ఇల్లు వదిలి, అదే వీధిలో మేడమీది గదికి మారారు. పద్దెనిమిది మెట్లు. కొళాయి కింద. భార్య జులేఖా బిందె చంకనెత్తుకుని రోజుకు పదిసార్లు ఎక్కేది. మొదటి ఏడాది నవ్వుతూనే ఎక్కింది. నాలుగో ఏటికి గోడ పట్టుకుంది. ఆరో ఏట, మోకాళ్లు అరిగిపోయాయి, మెట్లు మానేయమన్నాడు డాక్టరు.

"కొన్నాళ్లు ఓర్చుకో జులేఖా, మన ఇంటికి ఒక్క మెట్టే పెట్టిస్తా" అనేవాడు ఖాదర్ వలి. ఫ్రిజ్ కొందామన్నా, దర్శిలో తమ్ముడి కూతురి పెళ్లికి పోదామన్నా ఇదే జవాబు. పాపం, అది దొంగమాట కాదు. ఆ ఒక్క మెట్టు ఆయనకు నిజంగానే కళ్ల ముందు కనిపిస్తుండేది. చివరి ఏడాదిన్నర జులేఖా కిందికే దిగలేదు. వీధిని పిట్టగోడ మీంచి చూస్తూ బతికింది.

కిస్తీలు తీరాయి. మొన్న బుధవారం పొద్దున్నే ఫాతిహా చదివించి, మేస్త్రీ ఓబులయ్య చేత పునాది తవ్వించడం మొదలుపెట్టాడు. మూరెడు ఎర్రమట్టి పోయాక గడ్డపార గలగలమంది. పలక ముక్కలు! నాలుగడుగులు తీసినా అవే, నిలువెత్తు తీసినా అవే.

"ఖాదర్ భాయ్, ఇది పాత క్వారీ గుంత. వేస్టు పోసి పూడ్చినారు. పునాది నిలవదు" అన్నాడు ఓబులయ్య. "పిల్లర్లు దింపాలంటే గట్టినేల ఎంత లోతున ఉందో ఏమో. ఇంటికన్నా దానికే ఎక్కువైతాది."

ఖాదర్ వలి ఒక ముక్క తీసి లుంగీకి తుడిచాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో ట్రాక్టరెక్కి వచ్చి ఈ గుంతలో వేస్టు పారబోసింది తనే. అప్పటి దారి ఊరివైపు నుంచి. వెంచర్ వాళ్లు రోడ్డువైపు ఆర్చీ కట్టేసరికి పోల్చుకోలేకపోయాడు. తన చేత్తో పారబోసినదాన్నే నోరు కట్టుకుని, జులేఖా కాళ్లు పోగొట్టి, తొమ్మిదేళ్లు కొన్నాడు.

"అమ్మేస్తేనో?"

"గుంత తెరిచినాక ఎవురు కొంటారు భాయ్?"

వెంచర్ ఆఫీసుకు పోతే అక్కడిప్పుడు చికెన్ పకోడీ వేస్తున్నారు. వాళ్లు ఖాళీ చేసి మూడేళ్లయిందని పకోడీలవాడు చెప్పాడు. ఇంకెవరిని అడగాలో ఖాదర్ వలికి తెలియలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి జులేఖా అట్టడుగు మెట్టు మీద కూర్చుని ఉంది. బురఖా వేసుకుంది. మధ్యాహ్నం నుంచి కూర్చునే జరుగుతూ ఒక్కో మెట్టూ దిగిందట. ముఖమంతా చెమట, ఆ చెమటలోనే నవ్వు.

"పునాది చూపిస్తానంటివి కదా. నేనే దిగొచ్చినా. ఆటో పిలువు" అంది.

ఖాదర్ వలి ఆటో పిలవలేదు. ఆమె పక్కనే కూర్చున్నాడు. తర్వాత లేచి, ఆమె ముందు వీపు పెట్టి వంగాడు.

"మెడ పట్టుకో."

"ఆటో దాకానా? వీధిలో అందరూ చూస్తారు" అని నవ్వుతూనే ఆమె చేతులు వేసింది.

ఆయన ఆమెను ఎత్తుకుని మెట్లవైపు తిరిగాడు.