వలల నడుమ వీడియో కాల్: తగరపువలస నుంచి హార్బరుకి

నా కుడి మోకాలు ఇప్పుడు మెట్లెక్కుతోందంటే ఆ పుణ్యం ఒక ఫోనుది. కాలేజీలో ఫిజియోథెరపీ పాఠాలు చెప్పే ఒక మేడమ్ గతేడాది వీడియో కాల్‌లోనే నాచేత వ్యాయామాలు చేయించారు. మొన్న ఆవిడే పిలిచి, "దూరాన ఉన్న రోగిని ఫోన్లో ఎలా చూడాలో పిల్లలకి నేర్పుతున్నాం. చేపల హార్బరులో ఒకాయన పక్కన ఫోను పట్టుకుని నిలబడాలి, వస్తారా?" అన్నారు. బాగుచేసినవాళ్ళు పిలిచినప్పుడు నడవకపోతే ఇక ఆ మోకాలెందుకు? బయల్దేరాను.

ఆరున్నరకి తగరపువలసలో బస్సెక్కితే గంట దాటాక సిటీలో ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగుతారు. టిక్కెట్టు యాభై లోపే. అక్కడ ఇడ్లీ తినండి గాని ఎండుమిర్చి చట్నీ రెండోసారి అడక్కండి. నేను అడిగాను, అది వేరే కథ. హార్బరుకి షేర్ ఆటో దొరుకుతుంది.

"సేపలకేటి తాతా? ఏట లేదు కదా, ఎండుసేపలే దొరుకుతాయి," అన్నాడు డ్రైవరు.

"చేపలకి కాదు, పాఠానికి."

"ఈ వయసులోనా?"

"ఇప్పుడైతే పరీక్షలుండవు కదా," అన్నాను. చిన్నప్పుడు నన్ను ఐదో తరగతిలో ఆపింది ఆ పరీక్షలే.

వేట నిషేధం ముగియడానికి వారం ఉంది. ఒడ్డంతా వలలు బాగుచేసుకునేవాళ్ళే. వాళ్ళలో నూకరాజు కుడి భుజం పట్టేసి ఉంది. ఈ కాల్‌కి పేరు రాయించింది అతని భార్య. అతనికి ఇష్టం లేదు. అతనితో ఒకే బోటు మీద వెళ్ళే బావ ఎర్రయ్యా, ఇంకో నలుగురూ చుట్టూ కూర్చుని వల కుడుతున్నారు. తొమ్మిదిన్నరకి కాల్ కలిసింది. తెరమీద లావణ్య అనే విద్యార్థిని, వెనక క్లాసంతా.

"నొప్పి ఎక్కడండీ బాబాయ్?"

"నొప్పేటీ లేదమ్మా. బాగుంది."

చెయ్యి ఎత్తమంది. నడుము పక్కకి వంచేసి, ఎత్తినట్టు చూపించాడు. ఎత్తుతూ ఎర్రయ్య వైపు ఓరకంట చూశాడు. లావణ్య ఆ చూపు పట్టుకుంది. "ముందే అడగాల్సింది, మర్చిపోయాను. మీ చుట్టూ ఎవరున్నారండీ?" అంది. మరుక్షణం అటువైపు కుర్చీలు జరిగాయి. అతని మాట ఎవరూ వినకుండా క్లాసు బయటికి నడిచింది. మేడమ్, ఆ పిల్లా మిగిలారు.

ఇటు నేనూ నూకరాజూ ఫోనుతో ఐసు పెట్టెల వెనక్కి వెళ్ళాం. నేను కూడా తప్పుకోబోతే నూకరాజు నా చొక్కా పట్టుకున్నాడు. "నువ్వుండు మావా." అప్పుడు చెప్పాడు: "రెణ్ణెల్లనుంచి ఈ పక్కకి తిరిగి పడుకోలేకపోతన్నానమ్మా. మావోళ్ళకి తెలిస్తే నన్ను ఒడ్డునే ఒగ్గేసి, ఇంకోణ్ణి ఎక్కించుకుంటారు."

లావణ్య తువ్వాలుతో చేసే వ్యాయామాలు నేర్పింది. రేపు కాలేజీకి వచ్చి చూపించుకోవాలంది. నయమయ్యేదాకా వల లాగొద్దంది. లాగితే ఈ ఏడాది వేటంతా పోవచ్చని దాచకుండా చెప్పింది.

నూకరాజు తిరిగొచ్చి ఎర్రయ్య ముందు నిలబడ్డాడు. "బావా, నాను కొన్నాళ్ళు వల లాగలేను," అన్నాడు.

ఎర్రయ్య దారం పళ్ళతో తెంపాడు. "మాకు తెల్దేటి? నెలనుంచి ఎడం సేత్తోనే బొత్తాలు పెట్టుకుంతన్నావు. ఇంజిన్ కాడ కూకో. ఎప్పుడు సెప్తావా అని సూత్తన్నాం."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మోకాలు చాపుకున్నాను. నాకు కాలు ఇచ్చిన చదువు ఇవాళ ఒక మనిషికి నోరు ఇచ్చింది. అది చూడటానికి పిలిచినందుకు మేడమ్‌కి దణ్ణం. తప్పును తప్పని ఒప్పుకున్న ఆ పిల్లకి ఇంకో దణ్ణం. ఇదంతా నూకరాజు రాసుకోమన్నాకే రాశాను.

మీరూ ఇలా ఎవరికైనా ఫోను పట్టుకోవడానికి వెళ్తుంటే ఒక్క మాట: కాల్ కలవక ముందే, ఎవరికీ వినపడని చోటొకటి చూసి పెట్టుకోండి. హార్బరులో అయితే ఐసు పెట్టెల వెనక బాగుంటుంది, కాళ్ళు మాత్రం తడుస్తాయి.